సమ్మోహన వైద్య పితామహుడు జేమ్స్ బ్రెయిడు

సంధ్యవేళ ఒక బాటసారి త్రోవవెంట నడచిపోవుచుండెను. ఎదుట నేలపై ఏదో వంకరగా పడియుండెను. అతడు దానిని పామని తలంచి, గుండె గుభిల్లుమనగా వెనుకకు దుమికెను. ఒడలెల్ల చెమర్చెను, కాళ్లు వడకెను, నోట మాట రాదయ్యెను. ఇంతలో ఎవరో దీపము తెచ్చి చూపిరి. అది పాము కాదు, త్రాడు! మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచున్న కథయే ఇది. అచ్చట పాము లేదు. కాని పామున్నదను తలంపు కలిగినది. ఆ తలంపు వలన పుట్టిన చెమటయు, వడకును నిజమైనవే. మనస్సులోని ఒక్క తలంపునకు దేహమును ఇంతగా కదలింపగల బలము గలదా?

దీపము చూచినంతనే ఆ బాటసారి భయము తీరినది. కొందరి భయము మాత్రము దీపము చూపినను తీరదు. పిల్లిని చూచి వడకువారు కలరు. మేడపై నుండి క్రిందికి చూడజాలనివారు కలరు. తలుపులు మూసిన గదిలో ఊపిరాడనివారును, సూదిమందు పేరు వినినంతనే సొమ్మసిల్లువారును కలరు. దానివలన తమకు ప్రాణాపాయము లేదని వారికి తెలియును. తెలిసియు భయపడుదురు. ఇట్టి భయమును వైద్యులు ఫోబియా అందురు. ఇది పిరికితనము కాదు. ఇతర విషయములందు ఎంతో ధైర్యము గలవారికిని ఇది కలుగవచ్చును. దీనిని చూచి పరిహసించుట తగదు. జ్వరమునకు వలెనే దీనికిని చికిత్స గలదు.

ఈ భయమును తొలగించుటకు నేటి వైద్యులు ఉపయోగించు సాధనములలో సమ్మోహన చికిత్స యొకటి. దీనినే హిప్నాటిజము అందురు. ఒకప్పుడు ఈ విద్య వినోదములు చూపువారి చేతులలో నుండెను. కొందరు దీనిని మహిమ యనిరి, కొందరు మోసమనిరి, మరికొందరు పిశాచముల పనియనిరి. ఇది మహిమయు కాదు, మోసమును కాదు, మనుష్యుని మనస్సు యొక్క సహజధర్మమే యని పరీక్షల మూలమున నిరూపించి, దీనిని వైద్యశాస్త్రమునకు అప్పగించిన ధీమంతుడు జేమ్స్ బ్రెయిడు.

బ్రెయిడు స్కాట్లండు దేశమున, లీవెన్ అను సరస్సు దరిని, 1795వ సంవత్సరము జూన్ 19వ తేదీన జన్మించెను. ఆ కాలమున వైద్యము నేర్వగోరు యువకులు అనుభవము గల శస్త్రవైద్యుల యొద్ద శుశ్రూష చేయుచు విద్య గ్రహించుట ఆచారము. బ్రెయిడు లీత్ నగరమున తండ్రీకొడుకులైన ఇరువురు శస్త్రవైద్యులకు శిష్యుడై, సమీపమున నున్న ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున పాఠములు వినెను. 1815లో శస్త్రవైద్యుడుగా యోగ్యతాపత్రము పొందెను. మరుసటి సంవత్సరము లెడ్‌హిల్స్ అను కొండప్రాంతమున సీసపు గనులలో పనిచేయు కూలీలకు వైద్యుడుగా నియమింపబడెను. అనంతరము 1825లో డంఫ్రీస్ పట్టణమునకు పోయి స్వతంత్రముగ వైద్యవృత్తిని సాగించెను. అచ్చట అతనిచే చికిత్స పొందిన యొకడు మాంచెస్టరు నగరమునకు రమ్మని ఆహ్వానింపగా, 1828లో అచ్చటికి చేరెను. జీవితాంతమువరకు ఆ నగరమే అతని నివాసమయ్యెను.

మాంచెస్టరు అప్పటికే ప్రత్తిమిల్లులకు ప్రసిద్ధి కెక్కినది. పనికొరకు నలుదెసల నుండి జనులు వచ్చి అచ్చట చేరుచుండిరి. వంకరపాదములతో పుట్టిన పిల్లలను, మెల్లకన్ను గలవారిని శస్త్రచికిత్సచే బాగుచేయుటలో బ్రెయిడు మిక్కిలి నేర్పరి యని పేరు పొందెను. అట్టి చికిత్సలు అతడు వందలకొలది చేసెను. అవి మత్తుమందులు లేని దినములు. ఈథరు వాసన చూపి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయుట 1846లో గాని లోకమునకు వెల్లడి కాలేదు. అంతవరకు రోగి మెలకువతో నుండగనే వైద్యుడు కత్తి పట్టవలసి యుండెను. కత్తి తాకకమునుపే రోగి భయముచే సగము చచ్చును. నొప్పికంటె ముందుగ వచ్చు ఈ భయము ఎంతటి బలవత్తరమైనదో ఆనాటి శస్త్రవైద్యులకు తెలిసినట్లు మరెవరికి తెలియును?

బ్రెయిడు చేసిన కార్యము బోధపడవలెనన్న, అంతకు ముందు జరిగిన యొక వృత్తాంతమును తెలిసికొనవలెను. పదునెనిమిదవ శతాబ్దమున మెస్మరు అను వైద్యుడు వియన్నా నగరము నుండి పారిసు నగరమునకు వచ్చెను. కంటికి కనబడని ఒక అయస్కాంత ద్రవము విశ్వమంతటను నిండియున్నదనియు, దానిని తాను రోగుల దేహములలోనికి ప్రసరింపజేసి రోగములను మాన్పగలననియు అతడు చెప్పెను. జనులు గుంపులు గుంపులుగా అతని యొద్దకు పోయిరి. 1784లో ఫ్రాన్సు రాజైన పదునారవ లూయీ దీనిని విచారించుటకు పండితసంఘమును నియమించెను. ఫ్రాంక్లిను, లవోజియే వంటి మహాశాస్త్రజ్ఞులు అందులో నుండిరి. ఫ్రాంక్లిను తోటలో ఒక చెట్టునకు ఆ శక్తిని ప్రయోగించి, ఒక బాలుని కన్నులకు గంతలు కట్టి చెట్టు చెట్టునకు నడిపించిరి. ఆ బాలుడు శక్తిని ప్రయోగింపని చెట్టు దగ్గరనే మూర్ఛపోయెను! ద్రవమేదియు లేదనియు, జరుగునదంతయు ఊహ వలననే యనియు పండితులు తేల్చిరి. కాని ఊహమాత్రమున ఒక బాలుడు మూర్ఛిల్లుట యెట్లని వారు మరింత లోతుగా విచారింపలేదు. ఆ పండితులు విడిచిపెట్టిన ప్రశ్న యాబది సంవత్సరములకు పైగా నలుగుచుండెను.

ఇట్లుండగా ఫ్రాన్సు దేశము నుండి వచ్చిన లాఫోంతేను అను మెస్మరిజపు ప్రదర్శకుడు 1841వ సంవత్సరము నవంబరు మాసమున మాంచెస్టరులో ప్రదర్శనము లిచ్చెను. 13వ తేదీ రాత్రి బ్రెయిడు దానిని చూడబోయెను. అదియంతయు మోసమో, ముందుగ కూడబలుకుకొన్న నాటకమో అయియుండునని అతని నమ్మకము. ఆ రాత్రి చూచినది ఆ నమ్మకమును బలపరచినదే గాని తగ్గింపలేదు. ఆరు దినముల పిమ్మట అతడు మరల పోయెను. అప్పుడొక విషయము అతని దృష్టి నాకర్షించెను. నిద్రావస్థలో నున్న ఒక వ్యక్తి ఎంత ప్రయత్నించినను కనురెప్పలు తెరవలేకపోయెను. ఇది నటన కాదని బ్రెయిడునకు తోచెను.

బాలబాలికలారా! ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపుడు. మోసమని దృఢముగ నమ్మి వచ్చినవాడు తన నమ్మకమునకు విరుద్ధమైనది కన్నులయెదుట కనబడినపుడు సాధారణముగ ఏమి చేయును? చూడనట్లు ముఖము త్రిప్పుకొనును. లేదా అంతయు నిజమేయని లొంగిపోవును. బ్రెయిడు ఈ రెండును చేయలేదు. జరిగినది నిజము, చెప్పిన కారణము మాత్రము నిజము కాకపోవచ్చును అని అతడు తలంచెను. ప్రదర్శకుని చేతినుండి ఏ ద్రవమును ప్రసరింపలేదు. ఒకే వస్తువును రెప్పవాల్పక చూచుటచే కన్నులును, నరములును అలసిపోయి ఇట్టి స్థితి కలిగియుండునని ఊహించెను. ఊహించి ఊరకుండక, రెండు దినములలో తన యింటనే పరీక్షకు పూనుకొనెను.

ఒక యువమిత్రుని కూర్చుండబెట్టి, అతని కన్నులకు ఎత్తుగా ఒక సీసా నుంచి, దాని మూతివంక రెప్పవాల్పక చూడుమనెను. మూడు నిమిషములలో అతని రెప్పలు వాలెను; కన్నీరు కారెను; తల వాలిపోయి గాఢనిద్ర వంటి స్థితి కలిగెను. తరువాత బ్రెయిడు భార్య ఒక పింగాణీ చక్కెరగిన్నెపై నున్న బొమ్మను చూచుచు కూర్చుండెను. ఆమెకును రెండు నిమిషములలో అట్లే జరిగెను. ఇరువురికిని ఏమి జరుగనున్నదో కొంత తెలియును గదా యని సందేహించి, మెస్మరిజమను మాటయే ఎరుగని తన సేవకుని పిలిచెను. ఒక మందు తయారగుచున్నది, దానిని ఏమరక చూడుమని మాత్రము చెప్పెను. రెండున్నర నిమిషములలో సేవకుడును కన్నులు మూసెను! ఎవరును వారిపై చేతులు త్రిప్పలేదు, మంత్రము చదువలేదు. కావున శక్తి ప్రయోగించువానిలో లేదు, చూచువానిలోనే కలదు. ఇది బ్రెయిడు కనుగొనిన మొదటి సత్యము.

నాటినుండి అతడు ఈ పద్ధతిని తన రోగులకు ఉపయోగింపసాగెను. చూచుటకు ఏ మెరయు వస్తువైనను చాలును. అతడు సాధారణముగ ఉపయోగించినది శస్త్రచికిత్స చేయు చిన్నకత్తులు పెట్టుకొను ఒర. ఏ కత్తిని తలంచి రోగులు వడకుచుండిరో, ఆ కత్తి ఒరను చూచుచునే వారు నెమ్మది పొందిరి. నరముల నొప్పులు, తలనొప్పులు, కీళ్లనొప్పులు మున్నగు బాధలకు అతడు ఈ చికిత్స చేసెను. 1844లో తనకే తీవ్రమైన కండరముల నొప్పి రాగా తన్నుతానే సమ్మోహితుని గావించుకొని, తొమ్మిది నిమిషములైన పిమ్మట లేపించుకొనెను. లేచునప్పటికి నొప్పి లేదు.

సత్యము కనుగొనుట యొక యెత్తు. దానిని లోకముచే ఒప్పించుట మరియొక యెత్తు. బ్రెయిడునకు నలుదిక్కుల నుండియు ప్రతికూలత ఎదురయ్యెను. అయస్కాంత ద్రవము లేదన్నందుకు మెస్మరిజమువారు కోపించిరి. 1842వ సంవత్సరము ఏప్రిలులో లివర్‌పూలు నగరమున మెక్‌నీల్ అను ప్రసిద్ధ మతాచార్యుడు ఈ విద్య సైతాను పనియని ఉపన్యసించి, బ్రెయిడు పేరును కూడ అందులోనికి లాగెను. ఒక వైద్యునకు ఇంతకంటె ప్రమాదము లేదు. జనులు నమ్మి యింటికి రానిచో అతని వృత్తియే సాగదు. బ్రెయిడు కోపింపక, తన పరీక్షలను వివరించుచు ఒక చిన్న పుస్తకమును ప్రకటించి సమాధాన మిచ్చెను.

ఆ సంవత్సరమే జూన్ మాసమున బ్రిటిషు విజ్ఞానాభివృద్ధి సంఘపు సభలు మాంచెస్టరులో జరిగెను. దేశమందలి శాస్త్రజ్ఞులెల్లరు వచ్చిన ఆ సభలలో తన పరిశోధనలను తెలుపుటకు బ్రెయిడు అనుమతి కోరెను. వైద్యశాఖవారు నిరాకరించిరి. అతడు నిరుత్సాహపడలేదు. ఆ దినములలోనే వేరుగ సభ యేర్పాటు చేసి, వచ్చిన శాస్త్రజ్ఞులను ఆహ్వానించి, వారి యెదుటనే తన పరీక్షలను చేసి చూపెను. ద్వారము మూసినచోట కిటికీ తెరచుట అనగా ఇదియే గదా!

1843లో అతడు తన సిద్ధాంతమును ఒక గ్రంథముగ ప్రకటించెను. గ్రీకు భాషలో హిప్నోసు అనగా నిద్ర. నిద్రాదేవత పేరును అదియే. ఆ మాటనుండి వచ్చిన హిప్నాటిజమను పదము అతని మూలముననే ఇంగ్లీషు వైద్యలోకమున స్థిరపడెను. ఈ చికిత్సను తగిన శిక్షణము గల వైద్యులే చేయవలెను గాని వినోదమునకు వాడరాదని అతడు నొక్కి చెప్పెను. తన యిష్టము లేక ఎవరును సమ్మోహితులు కారని కూడ అతడు ప్రకటించెను.

పేరును, సిద్ధాంతమును తనవే యైనను బ్రెయిడు వానికి దాసుడు కాలేదు. అయస్కాంతపు కడ్డీలు దేహమునకు తాకిన వింత అనుభూతులు కలుగునని కొందరు పండితులు చెప్పుచుండగా, 1846లో అతడు దానిని పరీక్షించెను. అయస్కాంత మున్నదని నమ్మినవారికి అది లేకున్నను అనుభూతులు కలిగినవి. ఉన్నదని తెలియనివారికి అది దగ్గరనున్నను ఏమియు కలుగలేదు. త్రాడును పామనుకొన్న బాటసారి వృత్తాంతమే ఇచ్చటను జరిగినది! కన్నుల అలసట ప్రధానము కాదు. మనస్సు ఒకే తలంపుపై నిలుచుటయే ప్రధానమని అతడు తెలిసికొనెను. ఇది నిజమైన నిద్ర కాదనియు గ్రహించి, 1847లో ఏకభావస్థితి యను అర్థము వచ్చు వేరొక పేరు పెట్టజూచెను. కాని మొదటి పేరు అప్పటికే లోకమున పాతుకొనిపోయినది. తన పొరపాటును తానే దిద్దుకొనుటకు వెనుదీయకుండుట నిజమైన శాస్త్రజ్ఞుని లక్షణము.

ఆ సంవత్సరమే సెప్టెంబరులో స్వీడను దేశపు సుప్రసిద్ధ గాయని జెన్నీ లిండ్ అతని యింటికి వచ్చెను. సంగీతశిక్షణ లేని ఒక పనిపిల్లను బ్రెయిడు సమ్మోహన స్థితిలో నుంచెను. జెన్నీ లిండ్ వివిధ భాషలలో పాడిన పాటలను ఆ పిల్ల వెంటనే అనుకరించి పాడగా అందరును ఆశ్చర్యపడిరి. బ్రెయిడు దీనిని మహిమ యనలేదు. చెవియు, గొంతును, మనస్సును చెదరక ఒక్కపనిపై నిలిచినపుడు మనుష్యునిలో దాగియున్న నేర్పు వెలికివచ్చునని వివరించెను.

మన దేశమునకును ఈ చరిత్రతో సంబంధము గలదు. 1845లో వంగదేశమందలి హుగ్లీ పట్టణమున ఎస్డెయిల్ అను స్కాట్లండు వైద్యుడు మెస్మరిజముచే నొప్పి తెలియకుండ అనేక శస్త్రచికిత్సలు చేసెను. ఇక బ్రెయిడు భారతీయ యోగుల సాధనలను గూర్చి శ్రద్ధతో చదివెను. వారు నాసికాగ్రమున దృష్టి నిలిపి మనస్సును ఏకాగ్రము చేయుటకును తన పద్ధతికిని పోలిక గలదని గుర్తించెను. లాహోరులో రంజిత్ సింగ్ మహారాజు కాలమున ఒక ఫకీరు భూమిలో పాతిపెట్టబడి, పెక్కుదినముల పిమ్మట సజీవుడుగ వెలికి వచ్చెనన్న వార్తలను గూర్చి, వానిని చూచితిమన్న ఆంగ్లేయోద్యోగుల నుండి లేఖలు సేకరించి 1850లో ఒక పుస్తకము ప్రకటించెను.

1859 డిసెంబరులో బ్రెయిడు పద్ధతిని అనుసరించి నొప్పి లేకుండ శస్త్రచికిత్స చేసిన వార్తను పారిసు నగరపు శాస్త్రపరిషత్తునకు నివేదించిరి. స్వదేశమున దొరకని గౌరవము పరదేశమున దొరకుచుండెను. బ్రెయిడు సంతోషించి, తన అభిప్రాయములన్నియు క్రోడీకరించిన వ్యాసమును ఫ్రాన్సుకు పంపెను. అది పంపిన కొలది దినములకే, 1860వ సంవత్సరము మార్చి 25వ తేదీన, మాంచెస్టరులో అకస్మాత్తుగ మరణించెను. తాను నాటిన మొక్క ఫలించుట అతడు చూడలేదు. తరువాత ఫ్రాన్సులో లియెబో, బెర్న్‌హైము మున్నగు వైద్యులు ఈ విద్యను పెంపొందించిరి. 1955లో బ్రిటిషు వైద్యసంఘపు విచారణ కమిటీ సమ్మోహనము చికిత్సాసాధనముగ ఉపయోగకరమని అంగీకరించెను. బ్రెయిడు మరణించి అప్పటికి 95 సంవత్సరములు!

సమ్మోహనముచే ఫోబియాను ఎట్లు తగ్గింతురు? సూదిమందన్న వడకు ఒక బాలికను తలంచుకొందము. వైద్యుడు ఆమెను సుఖముగ కూర్చుండబెట్టి, ఊపిరిని నెమ్మదిగ విడువుమని చెప్పుచు, మనస్సును ఒకచోట నిలుపజేయును. ఆమె తెలివి తప్పదు. వైద్యుని మాట వినుచునే యుండును. దేహము నెమ్మదించిన పిమ్మట ఆసుపత్రి వాకిలిని ఊహింపుమనును. వడకు కలిగినచో ఆగి, మరల నెమ్మది కలుగజేయును. మరియొకనాడు గదిని, ఆ తరువాత సూదిని, చివరకు ఆ సూది చేతికి తాకుటను ఊహింపజేయును. ఇట్లు మెట్టు మెట్టుగ ఊహలో భయమును ఎదుర్కొనిన పిమ్మట, నిజముగనే ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. భయపెట్టు వస్తువును కొంచెము కొంచెముగ ఎదుర్కొనుటయే ఈ చికిత్సకు ప్రాణము. సమ్మోహనము దానికి చేతికర్ర వంటిది. ఇది అందరికిని సమానముగ ఫలింపదు. ఒక్కనాటిలో మాయముచేయు మంత్రమును కాదు. నేర్చిన వైద్యుని యొద్దనే పొందదగినది.

ఇందలి పద్ధతులన్నియు బ్రెయిడు కనుగొన్నవి కావు. అతని తరువాత ఎందరో వైద్యులు శ్రమించిరి. కాని మనస్సున నిలిచిన తలంపు దేహమును వడకింపగలదనియు, ఆ మనస్సునే నిలిపి దేహమునకు నెమ్మది కలిగింపవచ్చుననియు పరీక్షించి చూపినవాడు అతడు. మోసమని త్రోసివేయక, మహిమ యని మ్రొక్కక, దీపము చేతబట్టి దగ్గరకు పోయి చూచినవాడు అతడు. మన తోడివారిలో ఎవరైన త్రాడును చూచి వడకినపుడు నవ్వక, వారి చేయి పట్టుకొని దీపముతో ఒక్కొక్క అడుగు ముందుకు నడిపించుటయే ఆ మహావైద్యుని జీవితమునుండి మనము గ్రహింపదగిన నీతి.